నూటముప్పై మూడు

పోయిన గురువారం అక్క వాళ్ళింట్లో పాత బీరువా తెరిచారు. మేనకోడలి పెళ్ళికి అమ్మ పట్టుచీర ఒకటి బయటికి తీద్దామని. తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"లైబ్రరీ" అంది అక్క.

నేనూ అదే అనబోయాను. "చీరల్లో లైబ్రరీ ఏంటి మామయ్యా?" అంది మేనకోడలు. చీర సంగతి పక్కన పెట్టి, మంచం మీద కూర్చుని, ఆ పిల్లకి నూటముప్పై మూడు కథ చెప్పాం. చెబుతున్నకొద్దీ ఇంకా ఇంకా గుర్తొచ్చాయి. ఇక్కడ రాసిపెడుతున్నాను.

మా చిన్నప్పుడు కాచిగూడ స్టేషన్‌కి కాస్త ఇవతల, బడీచౌడీ వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో మా లైబ్రరీ ఉండేది. శాఖా గ్రంథాలయం అన్నది బోర్డు మీద పేరు. అద్దె ఇల్లు. డంగుసున్నం గోడలు, కింద షాబాద్ బండలు, ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది. ముందు వరండాలో పేపర్లు, మధ్య గదిలో పొడుగు బల్లలు, వెనక గదిలో పుస్తకాలు. వెనక గదికి ఒకటే కిటికీ. అక్కడ పగలు కూడా లైటు వేయాల్సిందే. వెండి రంగు పురుగులు పుస్తకాలు తినకుండా ప్రతి అరలోనూ కలరా ఉండలు వేసేవారు. పాత కాగితానికి దాని వాసన దానికి ఉంటుంది. కాగితంలోని లిగ్నిన్ అనే పదార్థం ఏళ్ళ తరబడి విరిగిపోతూ వెనిల్లా లాంటి వాసన వదులుతుందని చాలా కాలానికి చదివాను. ఆ తియ్యటి వాసన, ఈ ఘాటు వాసన, వరండాలో రంజన్‌ అనే నీళ్ళ కుండ తడి మట్టి వాసన కలిస్తే మా లైబ్రరీ.

పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. తాళం తీసేది చాచా. అటెండర్ ఆయన. పెద్దవాళ్ళకీ చాచాయే, పిల్లలకీ చాచాయే. రాగానే రంజన్ కడిగి నీళ్ళు నింపేవాడు, పేపర్లు కర్రలకు బిగించేవాడు, తర్వాత అరలన్నీ ఓ పాత గుడ్డతో దులిపేవాడు. అప్పటికే వరండాలో పెన్షన్ తాతలు ముగ్గురు నలుగురు కాచుకుని ఉండేవాళ్ళు. ఒక్క పేపర్ని షీట్లుగా విడదీసుకుని చదివేవాళ్ళు. ఒకరి షీటు అయిపోతే పక్కవాళ్ళ వైపు చూస్తూ కూర్చోవడం తప్ప అడగడం ఉండదు. ఐదింటికి మూల మీది ఇరానీ హోటల్ నుంచి వన్ బై టూ చాయ్ వచ్చేది. చాచాకి సగం, లైబ్రేరియన్ మేడం గారికి సగం.

చప్పుళ్ళన్నీ ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. బండల మీద కుర్చీ ఈడ్చినప్పుడు వచ్చే కీచుమనే శబ్దం. మేడం గారు డేట్ స్లిప్ మీద వేసే ముద్ర ఠప్పు. సాయంత్రం ఆరు ప్రాంతంలో మీటర్ గేజి బండి కూత. అది పోయినప్పుడల్లా వెనక గదిలో పుస్తకాలు సన్నగా వణికేవి. అక్క నా చెయ్యి పట్టుకునేది. ఎందుకంటే ఆ వెనక గదిలో దయ్యం ఉందని మాకు తెలుసు.

* * *

మొదట పుస్తకాలు తలకిందులవడంతో మొదలైంది. పొద్దున చాచా తలుపు తీసేసరికి ఒక అరలో పుస్తకాలన్నీ తలకిందులుగా ఉండేవి. ఒకటీ రెండూ కాదు, అర మొత్తం, వరసగా, చక్కగా సర్దినట్టు. ఆయన విసుక్కోకుండా ఒక్కొక్కటీ తీసి తిప్పి పెట్టేవాడు. నాలుగు రోజులు మామూలుగా ఉండి మళ్ళీ ఇంకో అర. ఒకసారి శుక్రవారం మేం సందులో గోళీలాడుతుంటే మూసిన తలుపుల వెనక ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినపడింది. కిర్రు కిర్రుమని, బాగా తెలిసిన చప్పుడు. ఆటాపి అందరం తలుపుకి చెవి ఆనించి విన్నాం. మర్నాడు చాచాకి చెబితే "గరం అయింటది దానికి" అన్నాడు, అంతే.

దానికి పేరు పెట్టింది ఒక రకంగా మేడం గారే. ఆవిడ పిల్లల్ని కూర్చోబెట్టి పుస్తకాల నంబర్లు నేర్పేవారు. మెల్విల్ డ్యూయీ అనే ఆయన 1876లో ఈ పద్ధతి తెచ్చాడని, లోకంలో ఉన్న సంగతులన్నిటినీ పదిగా, ఆ పదిని మళ్ళీ పదిగా విడగొట్టి నంబర్లిచ్చాడని చెప్పారు. 520 అంటే ఖగోళం. తెలుగు సాహిత్యం 894.827. ఆ నంబరు నాకు ఇప్పటికీ మా ఇంటి నంబరు కన్నా బాగా గుర్తు. అక్క లేచి "మరి దయ్యాలకి నంబరుందా మేడం?" అనడిగింది. నవ్వుతారనుకున్నాం. నవ్వలేదు. "ఉందమ్మా. 133.1" అన్నారు. ఒక్క క్షణం అందరం నిశ్శబ్దంగా ఉండిపోయాం. నంబరిచ్చారంటే ఉన్నట్టే కదా. ఆ రోజు నుంచి మాకది దయ్యం కాదు, నూటముప్పై మూడు. "నూటముప్పై మూడు వచ్చింది", "నూటముప్పై మూడు దాచేసింది." ఇంట్లో వాళ్ళకి అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి బాగా పనికొచ్చింది.

దాచేయడం దానికి ఇష్టమైన పని. నేనొక డిటెక్టివ్ పుస్తకం రెండో భాగం కోసం నెల రోజులు తిరిగాను. మొదటి భాగం చివర్లో హత్య జరిగిన గదికి తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంటుంది. రెండో భాగం దొరకదు. రిజిస్టర్లో ఎవరూ తీసుకెళ్ళినట్టు లేదు. అరలో దాని చోట మాత్రం నక్షత్రాల మీద పుస్తకం ఒకటి. 520 అరలో ఉండాల్సింది 894.827లోకి వచ్చి కూర్చుంది. తీసి దాని చోట పెట్టాను. మర్నాడు వెళితే మళ్ళీ ఇక్కడే. మూడోసారి కూడా అంతే. చివరికి కోపంగా దాన్నే ఇంటికి తెచ్చుకున్నాను. ఆ వేసవంతా మిద్దె మీద పక్కలేసుకున్నప్పుడు సప్తర్షి మండలం నుంచి ధ్రువ నక్షత్రానికి గీత గీసుకుంటూ పడుకున్నాను. అప్పట్లో ఆ సందులో వీధి దీపాలు ఎక్కువ లేవు, ఆకాశం నిండుగా కనపడేది. గడియ వేసిన గదిలో హత్య ఎవరు చేశారో నాకింతవరకు తెలీదు. సప్తర్షుల పేర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం" అనేవారు మేడం గారు. నిజమే. కానీ నూటముప్పై మూడు పెట్టే చోటు తప్పు చోటని నాకెప్పుడూ అనిపించలేదు.

* * *

పెన్సిల్ రాతల గురించి చెప్పాలి. అసలు కథంతా వాటిలోనే ఉంది.

పాత పుస్తకాల్లో "56వ పేజీ చూడండి" అని ఎవరో రాసి ఉండటం మీరూ చూసే ఉంటారు. ఆ పేజీకి వెళితే "20కి వెళ్ళండి" అని, అక్కడికి వెళితే ఇంకోటి, తిప్పి తిప్పి చివరికి "కోతి" అని తిట్టు. స్కూలు పుస్తకాల్లో అందరం చేసిన అల్లరే. మా లైబ్రరీలో మాత్రం ఆ రాతలు వేరు. సన్నటి పెన్సిల్, చిన్న అక్షరాలు. "చూడు"లో కొమ్ముదీర్ఘం గాలిపటం తోకలాగా పేజీ అంచు దాకా పోయేది. అంకెలు మాకు చదవడం రాలేదు. ౭౨ చూడు అని ఉంటే, సున్నాలూ కొక్కేలూ కలిసిన ఆ గుర్తులేమిటో తెలియక దయ్యాల భాష అనుకున్నాం. రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు.

పెద్దనాన్నకి చూపించాం. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "ఇవి తెలుగంకెలురా. డెబ్బై రెండు" అన్నారు. నోట్‌బుక్ వెనక అట్ట మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా రాసిచ్చారు. మా బడిలో ఎవరూ నేర్పలేదు. నూటముప్పై మూడు పుణ్యమా అని నేర్చుకున్నాం. ఆ తర్వాత అక్కా నేనూ చీటీల మీద సంతకం బదులు ౧౩౩ అని రాసుకునేవాళ్ళం.

అంకెలు వచ్చాక దారి తెలిసింది. ౭౨కి వెళితే "వచ్చావా? ౧౯ చూడు." ౧౯లో "తొందరెక్కువ నీకు. ౪౫." ఒక్కోసారి ఆ పుస్తకం దాటి పక్క పుస్తకంలోకి పంపేది, "ఎడమ పక్క ఎర్ర అట్ట, ౧౧" అని. పక్కన నిజంగానే ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. పేజీలు తిప్పేటప్పుడు మధ్యలో నాలుగు వాక్యాలు కంట పడతాయి కదా. అవి చదివి, ముందేమైందో తెలుసుకోవాలని మొదటి పేజీకి పోయి, తిట్టు సంగతే మర్చిపోయి పుస్తకం పూర్తి చేసిన రోజులు చాలా ఉన్నాయి. చివరికెప్పుడూ తిట్టే. "కోతి." ఒక్కోసారి "పెద్ద కోతి." అక్కకి ఒకసారి "తోక లేని కోతి" వచ్చింది. ఆ వారమంతా నేను ఆమెని అలాగే పిలిచాను.

ఎవరు రాస్తున్నారో పట్టుకోవాలని చూశాం. మొదటి అనుమానం చాచా మీద. కాగితం, పెన్సిల్ ఇచ్చి "చాచా, చూడు అని రాయి" అన్నాం. ఆయన కుడి నుంచి ఎడమకి ఉర్దూలో ఏదో రాసి ఇచ్చాడు. తెలుగు గడగడా మాట్లాడేవాడే గానీ రాయడం రాదు. మేడం గారి రాత గుండ్రంగా, ముత్యాల్లా ఉండేది, తోకలుండేవి కాదు. పెన్షన్ తాతల్లో ఒకరి మీద అనుమానమొచ్చింది గానీ ఆయన వరండా దాటి లోపలికి రావడం ఎవరూ చూడలేదు.

చాచా లెక్క ప్రకారం అది దయ్యం కాదు, జిన్ను. "రాసిన కాయితం నేల మీద పడితే కాలు తగలనీయకుండ్రి, గంతే. ఇగ అదేమనదు" అనేవాడు. కింద పడ్డ కాగితం తీసి ఆయన పెదాలకి తాకించి కళ్ళకి అద్దుకునేవాడు. మేం పుస్తకానికి కాలు తగిలితే సరస్వతీదేవని ముట్టుకుని కళ్ళకద్దుకునేవాళ్ళం. ఆ వెనక గదిలో ఇద్దరం ఒకే పని చేస్తున్నామని చిన్నప్పుడు తట్టలేదు.

పేపర్ చదివే తాత ఒకాయన ఇంకో మాట చెప్పాడు. మూసీ వరదలో పోయినవాళ్ళంతా ఈ చుట్టుపక్కలే తిరుగుతుంటారని. ఆ మాటతో అక్క సాయంత్రం లైబ్రరీకి రావడం మానేసింది. అప్పుడు పెద్దనాన్న మా ఇద్దర్నీ ఒక ఆదివారం బస్సెక్కించి అఫ్జల్‌గంజ్ తీసుకెళ్ళారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న పెద్ద చింతచెట్టు కింద నిలబెట్టారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడిందని, వేలమంది కొట్టుకుపోయారని, ఈ చెట్టెక్కి 150 మంది దాకా రెండు రోజులు కొమ్మలు పట్టుకుని బతికారని చెప్పారు. "చింతచెట్టు మీద దయ్యాలుంటాయంటారు. చూడండి, ఇది మనుషుల్ని బతికించిన చింతచెట్టు" అన్నారు. అక్క వెళ్ళి ఆ మొద్దుకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. మర్నాటి నుంచి మళ్ళీ లైబ్రరీకి వచ్చింది.

అక్కణ్ణుంచి దగ్గర్లోనే ఉన్న పెద్ద లైబ్రరీకి నడిచాం. స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. పెద్దనాన్న దాన్ని ఎప్పుడూ ఆసఫియా అనేవారు. 1891లో పెట్టారు, ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. ఆ కప్పు అంత ఎత్తున ఎందుకుందో నాకర్థం కాలేదు, మాట్లాడితే మన మాట మనకే తిరిగొచ్చేది. తాళపత్రాలున్నాయని చెప్పారు. ఇంత పెద్ద లైబ్రరీలో ఎన్ని నూటముప్పై మూళ్ళుంటాయో అని లెక్కేసుకుంటూ ఇంటికొచ్చాను.

పెద్దనాన్న సొంత లైబ్రరీ మాత్రం సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. 1901 సెప్టెంబర్ 1న రామ్‌కోట్‌లో రావిచెట్టు రంగారావు గారింట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు అందులో ముఖ్యులు. కచేరీల్లోనూ బళ్ళలోనూ ఉర్దూ నడిచే రోజుల్లో ఈ ఊళ్ళో తెలుగు పుస్తకం కోసం ఒక చోటంటూ ఏర్పడటం ఎంత పెద్ద సంగతో, ఆయన చెప్పేటప్పుడు గొంతులో తెలిసేది. "అప్పటి వాళ్ళు పేజీలు తెలుగంకెల్లోనే లెక్కపెట్టుకునేవాళ్ళు. మీ నూటముప్పై మూడు పాతకాలపు మనిషేరా" అన్నారు. నేను భయపడటం మానేసింది ఆ మాటతోనే. మనిషి అన్నారు కదా.

* * *

ఏడాదికోసారి స్టాక్ వెరిఫికేషన్ జరిగేది. రిజిస్టర్లో ఉన్న ప్రతి పుస్తకం అరలో ఉందా లేదా అని చూసుకోవడం. సెలవులు కాబట్టి పిల్లలం కూడా సాయం చేసేవాళ్ళం. మేడం గారు నంబరు చదివితే మేం వెతికి "ఉంది" అని అరవాలి. లేకపోతే "లేదు". లేనివాటి పక్కన ఆవిడ ఎర్ర సిరాతో చిన్న గీత పెట్టేవారు. ఆ గీత పెట్టినప్పుడు ఆవిడ మొహంలో బాధ కనపడేది. ఎవరి పైసా అయినా పైసానే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ కోసం కడుతున్నారమ్మా జనం అనేవారు.

ఒక ఏడాది ఆ పనిలోనే మాకు రహస్యం చెప్పారు. అట్ట చింపేసినా, మొదటి పేజీ పీకేసినా పుస్తకం మనదేనని తెలియడానికి లోపల ఒక పేజీలో ముద్ర ఉంటుంది. ప్రతి లైబ్రరీకి ఒక పేజీ నంబరు. బయటివాళ్ళకి చెప్పరు. మాది 37. ఒట్టు వేయించుకుని మరీ చెప్పారు. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ లైబ్రరీ ఇప్పుడు లేదు కాబట్టి చెబుతున్నాను.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా కరెంటు పోయింది. చాచా కందిలి వెలిగించి బల్ల మీద పెట్టాడు. ఇంకో వంద నంబర్లున్నాయి, కానిచ్చేద్దాం అన్నారు మేడం గారు. కందిలి వెలుగులో రిజిస్టర్ మీదికి వంగి ఒక నంబరు చదివి, "ఇది మూడేళ్ళుగా లేదులే, వెతక్కండి" అని గీత పెట్టడానికి ఎర్ర కలం తీశారు. అప్పుడే ఆరింటి బండి ఆలస్యంగా వచ్చినట్టుంది, కూత వేసింది. అరలు వణికాయి. వెనక గదిలో ధప్పుమని చప్పుడు. ఒక్క పుస్తకమే పడింది.

చాచా కందిలి ఎత్తి పట్టుకుని ముందు నడిచాడు. ఆయన చొక్కా అంచు పట్టుకుని మేం. కిటికీ పక్క, బండల మీద బోర్లా పడి ఉంది. ఆయన తీసి, పెదాలకి తాకించి, కళ్ళకద్దుకుని, దుమ్ము ఊది మేడం గారికిచ్చాడు. ఆవిడ వెన్ను మీద నంబరు చూశారు. 37వ పేజీ తీశారు. ముద్ర ఉంది. మూడేళ్ళుగా లేని పుస్తకం.

ఎవరో తీసుకెళ్ళి మనసొప్పక తెచ్చి గుట్టుగా పెట్టి ఉంటారని అమ్మ అంది. కావచ్చు. కానీ ఆ నంబరు చదివిన క్షణానే అది పడటం నా చెవులారా విన్నాను. మేడం గారు ఏమీ అనలేదు. ఎర్ర కలం మూత పెట్టి, నీలం కలంతో "ఉంది" అని రాశారు. చెయ్యి కొద్దిగా వణికింది.

* * *

మేం పెద్ద క్లాసులకి వచ్చాక ఆ ఇల్లు అమ్ముడుపోయింది. లైబ్రరీ ఎత్తేశారు. పుస్తకాలు గోనె సంచుల్లో కట్టి ట్రాలీ ఆటోలో పంపారు. మిగతా లైబ్రరీలకి కొన్ని, పాతవైపోయాయని తీసేసినవి కొన్ని. మేడం గారు అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయారు. చివరి రోజు చాచా ఖాళీ అరలు కూడా గుడ్డతో దులిపాడు. కలరా ఉండలు నేల మీద దొర్లుతున్నాయి.

"నూటముప్పై మూడు ఇప్పుడెక్కడుంటుంది చాచా?" అనడిగాను. కాలేజీకి వెళ్ళే వయసే నాది, అయినా అడిగాను.

"అది ఇల్లు పట్టింది గాదు బేటా. కాయితం పట్టింది. కాయితం యాడికి పోతే ఆడికి పోతది" అన్నాడు.

ఆ తర్వాత చాచాని ఒక్కసారే చూశాను, కాచిగూడ చౌరస్తాలో. నన్ను గుర్తుపట్టి నా చేతిలోని పుస్తకం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళకద్దుకుని తిరిగిచ్చాడు.

* * *

బీరువా తెరిచిన తర్వాత వచ్చిన ఆదివారం అబిడ్స్ వెళ్ళాను. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడికి. ఏదో కొనాలని కాదు, ఆ వాసన కోసం. ఒక కుప్పలో అట్ట లేని తెలుగు పుస్తకం ఒకటి ఉంది. మొదటి పేజీలు లేవు, పేరు లేదు. అలవాటుగా 37 తీశాను. అట్ట లేని పుస్తకం కనపడితే ఎన్నేళ్ళుగానో అదే చేస్తున్నాను.

గుండ్రటి ముద్ర. వంగపండు రంగు సిరా వెలిసిపోయి దాదాపు గులాబీ రంగుకి వచ్చింది. మా లైబ్రరీ పేరు సగం చదవొచ్చు. ముద్ర పక్కన, సన్నటి పెన్సిల్‌తో, గాలిపటం తోకతో:

౭౨ చూడు.

నిలబడలేక అక్కడే ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాను. 72 తీశాను. "వచ్చావా? ఇన్ని రోజులా? ౯కి పో."

వెనక్కి తిప్పాను. పుస్తకం 17వ పేజీ నుంచి మొదలవుతోంది.

"తీసుకుంటరా సార్? ముప్పై రూపాయలు" అన్నాడు అమ్మే అబ్బాయి. ఇచ్చేసి, పుస్తకం చంకలో పెట్టుకుని అక్కకి ఫోన్ చేశాను. ముద్ర సంగతి, 72 సంగతి చెప్పాను. తొమ్మిదో పేజీ లేదని చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"తొమ్మిదిలో ఏముండి ఉంటుందంటావ్?" అన్నాను.

"ఏముంటుందిరా, కోతి" అంది అక్క. "సాయంత్రం పట్టుకురా. నాక్కూడా చూపించు."